అతుకుల బొంత

నాలుగు పక్షములు కలిసి యొక మంత్రివర్గమును నిలుపుకొన్నప్పుడెల్ల మన పత్రికలవారు దానిని "అతుకుల బొంత" యని వెక్కిరించుట పరిపాటి. విమర్శకునకు నచ్చని గ్రంథము కూడ అతుకుల బొంతయే. అల్పునకు అల్పురాలు దొరకినదని చెప్పవలసివచ్చినప్పుడు మన పెద్దలు "గంతకు తగిన బొంత" యని నవ్వుదురు. ఈ మాటలన్నిటి యడుగున నున్న తలంపు ఒక్కటే. బొంత యనగా పొందిక లేనిది, నిలుకడ లేనిది, గతిలేనివారి యింట నుండునది.

బొంత కుట్టినవారెవ్వరును ఈ మాట ననరు. ఏలయన బొంతకు గల మొదటి గుణము నిలుకడయే. మోకాలి కడ జీర్ణించిన పంచె, కూర్చుండు చోట పలుచబడిన చీర, విడివిడిగా నున్నప్పుడు వ్రేలితో పొడిచిన చిఱుగును. వానినే నాలుగైదు పొరలుగా పఱచి, రెండు వ్రేళ్ల యెడముతో వరుసలు వరుసలుగా కుట్టినయెడల, ఒక పొరలోని బలహీనమైన చోటు మఱొక పొరలోని గట్టి చోటుపై బడును. కుట్టు ఆ రెంటిని విడిపోనీయక పట్టి యుంచును. పిల్లలు దానిపై దొర్లుదురు, చాకిరేవున దానిని బండపై బాదుదురు, ఐనను అది యేండ్ల తరబడి యుండును. మంత్రివర్గములకు ఇట్టి కుట్టే దొరకినచో దేశమునకు మాటిమాటికి ఎన్నికల వ్యయము తప్పి యుండెడిది.

నేను చెప్పవచ్చినది రాజకీయము కాదు, బడిపిల్లల చేతిపనిని గుఱించి. పిల్లలకు చేతిపని యొకటి నేర్పవలెనని నిజముగా సంకల్పమున్నచో, మొదటి పాఠము పాతగుడ్డలతో బొంత కుట్టుటగా నుండవలెను. అది బాలికలకే కాక బాలురకును నేర్పవలెను. ఆ పని యెఱిగిన గ్రామస్త్రీలను పిలిచి నేర్పింపవలెను, వారికి జీతమియ్యవలెను. ఈ మాట అనగానే ఒక పక్షమువారు ముక్కు మూసికొందురు, మఱొక పక్షమువారు ముచ్చటపడి చేతులు తట్టుదురు. నాకు మొదటివారికంటె రెండవవారితోనే పోరు ఎక్కువ.

నల్లగొండ, మహబూబ్‌నగరు సీమలను 2016లో చీల్చి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలను, 2019లో నారాయణపేట జిల్లాను వేఱు చేసినారు గాని, మనుష్యుల యలవాట్లు అట్లు చీలలేదు. అంతయు మెట్ట. బండలు, ఎఱ్ఱచెలకలు, వాననమ్ముకొన్న సేద్యము. పగలు కాల్చు నేలయే పుష్యమాసపు రాత్రులలో ఎముకలు కొఱుకు చలి పుట్టించును. ఇచ్చటి పేదయింట పరుపు అనునది యెన్నడును లేదు. కురుమలు దక్కని గొఱ్ఱెల యున్నితో నేసిన గొంగడి యొకటి, ఇంటి స్త్రీలు పాతచీరలతో కుట్టిన బొంత యొకటి, ఇవియే పఱచుకొనుటకును కప్పుకొనుటకును. గొంగడిని కొనవలెను. బొంతకు కావలసినది దబ్బనము, దారము, తీఱిక. ఆనకట్టల పనులకును, బాటల పనులకును, బొంబాయి పూనా నగరముల మేడల పనులకును తరతరములుగా వలసపోయిన పాలమూరు కూలీల నెత్తిమీద చుట్టగా చుట్టి యుండునది ఈ బొంతయే. రెండు గిన్నెలు, గడ్డపార, తట్ట, బొంత: అదియే వారి సంసారము. దేశమునకు నీరు నిలిపిన గోడలను కట్టినవారు రాత్రివేళ దేనిపై పరుండిరో చెప్పు శిలాఫలకము ఏ యానకట్ట మీదను కానరాదు.

అట్టి వస్తువును మన మధ్యతరగతి గృహస్థులు ఇంట కనబడనీయరు. చుట్టములు వచ్చుచున్నారన్న అటకపైకి త్రోయుదురు. చినిగిన గుడ్డ యింట నుండిన లక్ష్మి నిలువదందురు. పరులు కట్టి విడిచినది మైల యందురు. ఈ మైల యెంతవఱకు? అదే యింట కోడలు ప్రసవించిన దినమున పెద్దామె పెట్టె తెఱచి వెదకునది కొత్త పట్టుబట్ట కాదు. ఎన్నోమాఱులు ఉదికి వెన్నవలె మెత్తబడిన పాత నూలుచీర. బిడ్డ పొత్తిళ్లలోనిది ఆ పాతగుడ్డయే. ఈ లోకమున మన దేహమునకు మొదట తగిలిన వస్త్రము ఒకరు కట్టి విడిచినదే గదా! అప్పుడు దానికి మైల లేదు. అదే గుడ్డ నాలుగు పొరలై, కుట్టుపడి, పెద్దవాని వీపు క్రిందికి వచ్చుసరికి దరిద్రమగుట యే ధర్మశాస్త్రములోనిదో పండితులు సెలవియ్యవలెను.

శాస్త్రముల ప్రసక్తి వచ్చినది గనుక ఇంకొక మాట. సంస్కృతమున బొంతకు కంథ యని పేరు. యతులకు అది దండకమండలువులతో సాటియైన యుపకరణము. బౌద్ధుల వినయపిటకమున, మహావగ్గములో నొక కథ కలదు. బుద్ధుడు మగధదేశమున పోవుచు, గట్లతో కొలత తప్పక విడదీసిన వరిమళ్లను చూచి, భిక్షువుల చీవరమును ఈ తీరున కుట్టగలవా యని ఆనందుని అడిగెనట. ఆనందుడు గుడ్డను ముక్కలు చేసి మళ్లు మళ్లుగా కుట్టి చూపగా బుద్ధుడు అతని తెలివిని మెచ్చుకొనెనట. నేటికిని భిక్షువుల చీవరము అట్టి అతుకులతోనే కుట్టబడుచున్నది. దుమ్ములోను శ్మశానములోను ఏఱిన గుడ్డలతో కుట్టినదానిని పాంసుకూల మందురు. మన సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి గుట్టపై విహారముల పునాదులు నేటికిని కనబడుచున్నవి. అచ్చట చదువుకొన్నవారి భుజములపై నుండినది అతుకుల వస్త్రము. వారి చదువునకు ఆ అతుకు అడ్డురాలేదు. మన గౌరవమునకు అడ్డువచ్చుచున్నది.

సిగ్గు ఒక్కటియే బొంతను చంపుట లేదు. గుడ్డయే మాఱినది. పల్లెలలో నూలుచీర కట్టువారు మిక్కిలి వయస్సు చెల్లిన స్త్రీలు. తక్కినవారివి పాలియెస్టరు చీరలు. వెల తక్కువ, ఉదుకుట సులువు, చప్పున నాఱును. కూలికి పోవు స్త్రీ వానిని కోరుటలో తప్పేమియు లేదు. ఇస్త్రీ నూలుచీర ఘనతను ఆమెకు బోధించువారు ముందుగా ఆమె చీరలను తామే ఒకవారము ఉదికి చూడవలెను. బతుకమ్మ పండుగకు 2017 మొదలు కొన్నేండ్లు ప్రభుత్వము పంచిన చీరలును చాలవఱకు పాలియెస్టరువే. కాని ఆ గుడ్డ చెమట పీల్చదు. పొరలు ఒకదానిపై నొకటి నిలువక జాఱును. నిప్పు పడినచో కరగి చర్మమున కంటుకొనును. బజారులో అమ్మబడు పువ్వులచ్చు దుప్పటులు, మెత్తని బొచ్చు గలవి, అవియు ఆ నూలుతో నేసినవే. నల్లగొండ తెలంగాణమున పత్తి విస్తారముగా పండు జిల్లాలలో నొకటి. అచ్చటి రైతు పత్తి బోరెములను బండి కెక్కించి అమ్మబోయి, తిరిగి వచ్చునప్పుడు పెట్రోలియమునుండి తీసిన దుప్పటిని కొని తెచ్చుకొనుచున్నాడు. అర్థశాస్త్రము బోధించుటకు దీనికంటె మంచి పాఠము నాకు పుస్తకములలో దొరకలేదు.

పాత నూలుచీర లెవరి పెట్టెలలో నున్నవో, బొంత కుట్టు నేర్పు వారి చేతులలోనే యున్నది. గుడ్డయు విద్యయు ఒకే మనిషితో ఒకే దినమున పోవును. కావుననే ఈ తొందర.

ఇక ముచ్చటపడు పక్షమువారు. వీరికి బొంత యనిన ప్రేమయే, అయితే దాని పేరు క్విల్టు అయినప్పుడే. పట్టణములలో ఆరంభకుల కని పొట్లములు అమ్ముచున్నారు. కొత్తగుడ్డను యంత్రముతో సమచతురస్రములుగా కోసి, ఏ ముక్క ప్రక్క నేది కుట్టవలెనో పటము గీసి, సూదితో సహా పెట్టినవి. పటములోని నక్షత్రములు, బాతుల బారులు, కఱ్ఱదుంగల గుడిసెలు మన దేశపువి కావు, కాకపోయిన నేమి? అందమునకు పొలిమేర లేదు. నా యాక్షేపణ వేఱు. బొంత పుట్టినది మిగిలిన గుడ్డను నిలుపుకొనుటకు. మిగులుటకై కొత్తగుడ్డను కోసినప్పుడు ఆ పనికి బుద్ధి పోయి బొమ్మ మాత్రమే నిలిచినది. ఇటీవల పోచంపల్లి, పుట్టపాక గుడ్డలను కూడ ఇట్లు కోసి కుట్టుట నాగరకమైనది. పోచంపల్లి యిక్కత్తుకు 2005లోను, పుట్టపాక తేలియా రుమాలునకు 2020లోను భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ నేతగాడు నూలును కొలిచి, చోటుచోట కట్టి, రంగున ముంచి, విప్పి, మరల కట్టి, మరల ముంచి, పడుగునందును పేకయందును ఉన్న బొమ్మ మగ్గముపై ఒక దారమైనను తప్పక కలియునట్లు నేసినాడు. ఆ గుడ్డను నాలుగంగుళముల ముక్కలుగా కత్తిరించి మఱియొక బొమ్మను చేయుట, వండిన అన్నమును ఎండబెట్టి విసరి పిండి చేయుట వంటిది. నేతశాలలో కొసలు మిగులును, తప్పునేత పోగుపడును. వానిని అడిగి తెచ్చి కుట్టినవారికి నా నమస్కారము.

ఈ పొట్లములవారు అమెరికాను చూపి మాటాడుదురు గనుక, నేనును అమెరికాకే పోయెదను. అలబామా రాష్ట్రమున జీస్ బెండ్ అను పల్లె కలదు. బానిసల సంతతివారైన నల్లజాతి స్త్రీలు అచ్చట పొలము పనిలో అఱిగిపోయిన పంట్లాములను, సంచులను చింపి, చలికి ఓర్వలేక బొంతలు కుట్టుకొనిరి. ఆ బొంతలనే 2002లో హ్యూస్టను నగరపు చిత్రశాలలో గోడలకు వ్రేలాడదీసి లోకము చూచినది. 2006లో ఆ దేశపు తపాలాశాఖ వాని బొమ్మలతో బిళ్లలు వేసినది. అంతకు ముందే, 1966లో, పౌరహక్కుల పోరాటపు దినములలో, ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ యను సహకార సంఘమును ఏర్పఱచుకొని, కుట్టిన బొంతలకు వెల సంపాదించుకొనిరి. అమెరికానుండి తెచ్చుకొనదగినది ఏదేని యున్నచో అది నక్షత్రపు పటము కాదు, ఆ సంఘము.

అయినచో ఆరంభకులకు సులువైన నమూనా యేది? దీనికి బదులు చెప్పక తప్పించుకొనుట ఉపాధ్యాయుని కొప్పదు.

మొదటి బొంతకు నమూనాయే వలదు. మూడో నాలుగో పాత నూలుగుడ్డలు తీసికొని, ఉదికి, ఎండబెట్టి, వెలుగున కెత్తి చూచి, పలుచనైన భాగములు ఒకదానిపై నొకటి రాకుండ నేలపై పఱపవలెను. పాతదానితో కొత్తది కలుపగూడదు. కొత్త నూలుగుడ్డ తొలి యుదుకులో ముడుచుకొనును, పాతది ఆ ముడుచుకొనుట ఎన్నడో తీఱినది. రెండును కలిసినచో బొంత ముడుతలు పడి బల్లివీపు వలె నగును. మూలలకు రాళ్లు పెట్టి, ముడుతలు లేకుండ లాగి, జానెడు జానెడు దూరమున టాకాలు వేయవలెను. ఈ టాకాలు వేయుటకు పిల్లలు విసుగుకొందురు. ఇచ్చట విసుగుకొన్నవాని బొంత చివరకు నడుమ ఉబ్బి, అంచున లాగుకొని, తానే పాఠము చెప్పును. పిమ్మట అంచులు లోనికి మడిచి, గట్టు వెంట మొదలుపెట్టి, చుట్టును తిరిగి తిరిగి నడిమికి చేఱవలెను. రైతుబిడ్డకు ఇది చెప్పనక్కఱ లేదు. నాగలి చాలు మడిలో తిరుగునదియు ఇట్లే. కుట్టు మిక్కిలి సామాన్యమైనది, సూది మీదికి వచ్చును, క్రిందికి పోవును, అంతే. దారము మూరకు మించగూడదు. మాటిమాటికి ఎక్కించుట కష్టమని బారెడు దారము ఎక్కించినవాడు కుట్టుటకంటె చిక్కు విప్పుటలో నెక్కువ ప్రొద్దు గడపును.

రెండవ బొంత పట్టీలతో. చీరలో తుదివఱకు చెడనిది అంచు. కట్టు భాగము జల్లెడవలె నైనను అంచు గట్టిగానే యుండును. గద్వాల, నారాయణపేట చీరల అంచుల సంగతి ఇక చెప్పనేల! నాలుగు వ్రేళ్ల వెడల్పు పట్టీలుగా తీసి పొడవునా జతపఱచినచో పైపొర సిద్ధము. అన్నియు నేరుకుట్లు. ఏ రంగు ప్రక్క నే రంగు అనునది పిల్లల యిష్టమునకు విడువవలెను. ఇందు ఉపాధ్యాయుడు నోరు మూసికొని యుండుట మేలు.

మూడవదానికి అష్టాచెమ్మ పటము చాలును. అయిదు వరుసలు, వరుస కైదు గడులు, వెరసి 25. నడిమి గడి యొకటి, నాలుగు ప్రక్కల నడుమనున్న గడులు నాలుగు, ఈ యైదింటికి ఎఱ్ఱముక్కలు, తక్కిన 20 గడులకు తెలుపో పసుపో. అరుగుమీద సుద్దతో గీచి గవ్వలాడిన పిల్లకు ఈ నమూనాను నేర్పువాడెవడు? ఇచ్చటనే లెక్కల పాఠము దానంతట వచ్చును. 4½ అంగుళముల ముక్కలు అయిదు ప్రక్కప్రక్కన కుట్టినచో వరుస పొడవెంత? తరగతి యంతయు 22½ అని యరచును. కుట్టి కొలిచిన 20½ వచ్చును. ప్రతి కుట్టునందు ఇరువైపుల పావు అంగుళము చొప్పున అర అంగుళము లోనికి పోవును, అయిదు ముక్కలకు కుట్లు నాలుగు, పోయినది రెండంగుళములు. స్తంభములకును వాని నడుమ సందులకును గల భేదమును నల్లబల్లపై ఏండ్ల తరబడి చెప్పినను తలకెక్కనివారికి ఒక్క వరుస కుట్టిన తోడనే యెక్కును.

నక్షత్రములు, త్రిభుజములు ఆరంభకులకు వలదని నేననుటకు కారణము అవి పరదేశపువని కాదు. గుడ్డలో పడుగు నిలువుగను పేక అడ్డముగను ఉన్నది. పడుగు వెంటనో పేక వెంటనో కోసిన ముక్క సాగదు. ఏటవాలుగా కోసినది సాగును. లాగిన చేతికి లాగినంత వచ్చును. త్రిభుజమున కొక ప్రక్కయైనను ఏటవాలు తప్పదు. నేర్చిన చేయి దానిని అదుపులో నుంచగలదు. కొత్తచేతిలో నక్షత్రము నత్తయగును. పొట్లము మీద సులువని అచ్చువేసి లోపల త్రిభుజములు పెట్టినవారు ఎన్నడైనను పదేండ్ల పిల్లలచే కుట్టించి చూచిరా?

కర్ణాటకమున ఉత్తర కన్నడ జిల్లా యడవులలో సిద్దీ లను వారున్నారు. వారి పూర్వులు ఆఫ్రికానుండి వచ్చినవారు. ఆ స్త్రీలు కుట్టు బొంతను కవంది యందురు. వారు ముందుగా పైపొరను జతచేసికొనరు. అడుగున చీరను పఱచి, అంచునుండి మొదలిడి, చేతి కందిన ముక్కను అంచు మడిచి అప్పటికప్పుడే అడుగుగుడ్డతో కలిపి కుట్టుకొనుచు నడిమికి వత్తురు. చివరకు నాలుగు మూలలందును చతురస్రమును మడిచి చేసిన త్రికోణపు పువ్వులు కుట్టుదురు. అవి లేని బొంత వారి దృష్టిలో దిగంబరమే. కొలబద్ద లేని ఈ పద్ధతి మన పిల్లలకు ఎంతయు పనికివచ్చును. చుక్కలు పెట్టి ముగ్గు వేయు బాలికకు కొలత కంటిలోనే యుండును. ఆమె చేతికి నమూనాపటము కొని యిచ్చువారిని చూచిన నాకు నవ్వు వచ్చును.

బాలికకే యేల యని యడిగెద రేమో. బొంతకుట్టు పాఠమునకు కూర్చుండిన ఒక బాలుడు నన్ను సూటిగానే యడిగెను: "సార్, ఇది ఆడపిల్లల పని గదా?" "నీ అంగీ ఎవరు కుట్టిండ్రు?" అంటిని. "మా ఊరి దర్జీ తాత." "తాత ఆడపిల్లనా?" తరగతి నవ్వినది, వాడును నవ్వి సూది తీసికొనెను. ఈ నవ్వులో నున్న సంగతిని పెద్దలు ఆలోచింపవలెను. మన సీమలో బట్టలు కుట్టుట కులవృత్తిగా గల మేరవారు ఉన్నారు. మిషను ముందర కూర్చుండి కూలి తీసికొనునది ఆ యింటి పురుషుడు. గుండీలు, కాజాలు కుట్టి పెట్టునది ఆ యింటి స్త్రీ. సాలెవారి యింట మగ్గమునకు పేరు పురుషునిది, కండెలు చుట్టుట స్త్రీది. కూలి దొరకు కుట్టు మగవానిది, కూలి లేని కుట్టు ఆడుదానిది: ఇదియే మన విభాగము. సూది పట్టుటకు మగవాని చేతికి నామోషీ లేదు, ఉచితముగా పట్టుటకు మాత్రమే. కావున బడిలో బాలికలను కుట్టునకు, బాలురను ఆటస్థలమునకు పంపు ఉపాధ్యాయుడు ఆ విభాగమునకు ముద్ర వేయుచున్నాడు. చిరిగిన అంగీని తాను కుట్టుకొనజాలని వాడు రేపు పట్నమున ఒంటరిగా నున్నప్పుడు గుండి యూడిన కొత్త చొక్కా కొనును. పెండ్లియైన పిమ్మట ఆ గుండి భార్య మెడకు చుట్టుకొనును.

చేతిపని బడిలో నుండవలెనను మాట కొత్తది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారు పిలిచిన విద్యాసభ చేతిపనినే చదువునకు నడుమ నిలుపవలెనని తీర్మానించినది. దాని ప్రణాళికను వ్రాసిన సంఘమునకు అధ్యక్షుడు మన హైదరాబాదున జన్మించిన జాకిర్ హుసేనుగారు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు గల కాలమున పిల్లలు పదిదినములు సంచి లేకుండ, స్థానికులైన వడ్రంగులు, కుమ్మరులు మొదలగువారి యొద్ద పని నేర్వవలెనని వ్రాసినది. వ్రాత బాగున్నది. ఆ పదిదినములలో థర్మోకోలు ముక్కలతో తాజుమహలు కట్టించి, చిత్రము తీసి పై కచ్చేరీకి పంపి చేతులు దులుపుకొన్నచో ఆ పిల్లల చేతికి వచ్చిన పని యేది? పదిదినములలో అష్టాచెమ్మ బొంత యొకటి నలుగురు పిల్లలు కూడి కుట్టవచ్చును. దానిపై పరుండవచ్చును.

తుదకు మిగిలినది జీతము మాట. "మా నాయనమ్మ బొంతలో ఆమె ప్రేమ యున్నది" అని మనవారు కన్నీరు పెట్టుకొందురు. ప్రేమ యుండవచ్చును. దానితోపాటు దీపపు వెలుతురున పోయిన కన్నులు, దబ్బనము గ్రుచ్చుకొని కాయలు కాచిన వ్రేళ్లు, పగలు పొలములో పని తీఱిన పిమ్మట దొంగిలించుకొన్న ప్రొద్దు కూడ నున్నవి. ప్రేమ యనిన తోడనే వెల అడుగుట తప్పైపోవును. ఆ తప్పు మనకు లాభము. దేవరకొండ ప్రాంతపు తండాలలో లంబాడీ స్త్రీలు అద్దములు, గవ్వలు, రంగుముక్కలు కూర్చి కుట్టిన పేట్యాలను, సంచులను చూచి పట్టణవాసులు అబ్బురపడుదురు. బేరము మాత్రము కూరగాయలకువలె ఆడుదురు. నా యెఱుకలోని యొక సంపన్నగృహమున బొంతలు కుట్టు ముసలమ్మకు పదునైదు దినముల పనికి రెండు పూటల అన్నము, ఒక పాత చీర యిచ్చి పంపిరి. ఆ పాతచీరయు పాలియెస్టరుదే! బీహారులో ముజఫర్‌పురము దగ్గఱ భూసురా యను గ్రామమున, పసిబిడ్డలను చుట్టుటకు పాతచీరల పొరలతో కుట్టు సుజనికి స్త్రీలు సంఘముగా కూడి వెల తెచ్చుకొన్నారు. 2006లో దానికి భౌగోళిక గుర్తింపును వచ్చినది. ఆ సుజనుల మీద తమ కష్టములను, వరకట్నమును కూడ బొమ్మలుగా కుట్టినారు. మన పొత్తిగుడ్డకు వారి పొత్తిగుడ్డకు గుడ్డలో భేదమేమియు లేదు.

బడికి బొంతకుట్టు నేర్ప వచ్చు స్త్రీకి దినమునకు తాపీపనివానికి ఇచ్చునంత యియ్యవలెను. గోడ కట్టువానికి ఇచ్చి బొంత కుట్టుదానికి తగ్గించుటకు న్యాయమేదియు నాకు కనబడదు. ఆ సొమ్మునకు గ్రామ పంచాయతీ, విద్యాసంఘము, పూర్వవిద్యార్థులు, ఎవరు ముందుకు వచ్చినను మంచిదే. ఒక వార్షికోత్సవపు షామియానా బాడుగతో ఒక తరగతికి బొంత నేర్పవచ్చును. ఆమె తరగతిలోనికి వచ్చినప్పుడు పిల్లలు లేచి నిలువవలెను, కుర్చీ వేయవలెను, ఆమె నేలపై కూర్చుండుటయే వాడుక యన్నచో ఉపాధ్యాయుడును నేలపై కూర్చుండవలెను. సంతకము రాకున్న వ్రేలిముద్ర చాలును. పద్దులో ఆమె పేరున కెదురుగా ఉపాధ్యాయురాలని వ్రాయవలెను గాని, "బొంతల ఖర్చు" అని వ్రాయగూడదు.